పాత పెట్రోల్ జీపుకు కార్బొరేటర్ మార్చాలంటే ఏది కొనాలె? మూడు తప్పులు చేసినోని జవాబు

తమ్మీ, నువ్వు అడిగింది ఇదే కదా. దేవరకొండ దిక్కు బత్తాయి తోట, తాత కాలం నాటి 1972 మోడల్ మహీంద్రా సీజే3బీ పెట్రోల్ జీపు, స్లో నిలబడ్తలేదు (కాలు తీస్తే ఇంజను ఆగిపోతుంది), కార్బొరేటర్ (పెట్రోల్‌ను గాలిల కలిపి ఇంజనుకు ఇచ్చేది) కింద ఎప్పుడు చూసినా పెట్రోల్ చెమ్మ. మెకానిక్కేమో అంబాసిడర్ది ఏస్కో అంటుండు, దోస్తేమో వెబర్ కంపెనీది ఏస్కో, బండి ఉరుకుతది అంటుండు, ఆన్‌లైన్ల కొత్తది చవకకు కనపడుతుంది, ఏది కొనాలె అని. నాది అచ్చంపేట దిక్కు, మా నాయన కొన్న 1969 మోడల్ అదే బండి, అదే హరికేన్ అనే పెట్రోల్ ఇంజను, నువ్వు రాసిన మూడు దార్లల్ల నేను ఒకదాని తర్వాత ఒకటి పోయొచ్చిన, జేబు ఖాళీ అయినంక తెలివొచ్చింది. అందుకే జెర లంబాగ రాస్తున్న, ఏమనుకోకు.

ముందుగాల ఏదీ కొనకు. స్లో నిలబడ్తలేదంటే కార్బొరేటరే పోయిందని కాదు. నా బండికి గూడ ఇదే రోగం, అప్పటికే కార్బొరేటర్లు మార్చి మార్చి, పాతదే మళ్ళ బిగిచ్చినంక కల్వకుర్తిల ఒక ముసలి మేస్త్రి దగ్గరికి తీస్కపోయిన. ఆయన బానెట్ ఎత్తిండు, స్పానర్ గూడ పట్టలె, బొటనవేలు చూపుడువేలుతోని యాక్సిలరేటర్ లింకు తగిలే లివరు పట్టుకొని కిందికి మీదికి ఆడిచ్చిండు. టక్ టక్ అని చప్పుడొచ్చింది. ‘ఇను, ఇదే నీ రోగం’ అన్నడు. థ్రాటిల్ షాఫ్ట్ (గాలి దారిని తెరిచి మూసే రేకు తిరిగే కడ్డీ) యాభై ఏండ్ల సంది తిరిగి తిరిగి బాడీల బొక్క గుడ్డు తీరు అరిగిపోయింది, ఆ సందుల కెళ్ళి గాలి గుంజుతుంటది, ఆ గాలికి లెక్కలేదు, పెట్రోల్ కలవదు, స్లోల మిక్చర్ పల్చబడి ఇంజను కొట్టుకుంటది. నువ్వు స్లో స్క్రూ ఎంత తిప్పినా లాభం ఉండదు. ఇంట్ల చూస్కోవాలంటే చల్లటి ఇంజను స్టార్ట్ చేసి స్లోల పెట్టి ఆ షాఫ్ట్ రెండు దిక్కుల డబ్ల్యూడీ40 జెర కొట్టు, చప్పుడు మారినా రేసు పెరిగినా అక్కడ లీక్ ఉన్నట్టే. అది గూడ మండేదే, వేడి ఇంజను మీద కొట్టకు, కరెంటు వైర్ల మీద పడనియ్యకు. అట్లనే కార్బొరేటర్ కింద ప్యాకింగ్ చుట్టు, వైపర్ కోసం పోయే వాక్యూం పైపు చివర్లకాడ గూడ చూడు, పాత జీపుల్ల ఆ పైపు పగిలి అట్లనే ఏలాడుతుంటది, ఎవ్వడూ పట్టించుకోడు. ప్లగ్గుకు కరెంటు అందిచ్చే డిస్ట్రిబ్యూటర్ల పాయింట్ల గ్యాప్ 0.5 ఎంఎం, ప్లగ్ గ్యాప్ 0.75 ఉన్నదా చూస్కో. ఇవన్నీ బాగున్నంకనే కార్బొరేటర్ మీద అనుమానపడు.

సరే అన్నీ చూసినవు, కార్బొరేటరే అని తేలింది అనుకుందాం. అప్పుడు మొదటి ప్రశ్న ఏ కంపెనీ అని కాదు, నీ ఇంజనుకు ఎంత గాలి కావాలె అని. హరికేన్ 2199 సీసీ, ఎక్కువల ఎక్కువ 4000 ఆర్పీఎం దాకా తిరుగుతది, అంతకు మించి తిప్పినా లాభం లేదు. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి రెండు చుట్లకు ఒకసారి నిండుతది, అంటే 2.2 లీటర్లు ఇంటు 2000, నిమిషానికి 4400 లీటర్లు, సిలిండర్ పూర్తిగ నిండదు గనుక అందుల ఎనభై శాతం ఏస్కుంటే 3500 లీటర్ల చిల్లర. అమెరికా లెక్కల ఇది సుమారు 124 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). ఇది ఒక్క బొక్క (గాలి పోయే దారి ఒకటే ఉన్న) కార్బొరేటర్ పని. ఫ్యాక్టరీ నుంచి ఈ ఇంజనుకు అమెరికాల వచ్చిన కార్టర్ వైఎఫ్ గూడ ఒక్క బొక్కదే. పైగా ఈ ఇంజనుకు ఇంటేక్ మానిఫోల్డ్ విడిగ ఉండదు, హెడ్డులనే పోత పోసిండ్రు, పైన ఒకటే బొక్క. నువ్వు పైన రెండు బొక్కలది తెచ్చి పెట్టినా కింద దూరేది ఆ ఒక్క బొక్కలనే కదా.

ఇగ వెబర్ సంగతి. నేను ఏసింది 32/36, అంటే మొదటి బొక్క 32 ఎంఎం, రెండోది 36. అది మంచి కార్బొరేటరే, ప్రపంచమంతా వాడుతరు, నేను తప్పు పడ్తలేను, కాని నేను ఏస్కున్న తీరే తప్పు. నేను అడాప్టర్ ప్లేట్ చేపిచ్చి బిగిచ్చిన, యాక్సిలరేటర్ రాడ్ కలవాలె గదా అని కార్బొరేటర్‌ను తిప్పి ఫ్లోట్ గిన్నె (పెట్రోల్ నిల్వ ఉండే చిన్న గిన్నె) వెనక దిక్కు వచ్చేటట్టు పెట్టిన. ఊర్ల రోడ్డు మీద బాగనే ఉండె, టాప్ గేర్ల పికప్ చూసి మస్తు ఖుషీ అయిన. ఒక సోమవారం మా అమ్మను, అక్కను ఎక్కిచ్చుకొని ఉమామహేశ్వరం గుట్ట ఎక్కుతున్న, ఫస్టు పెద్ద ఎక్కుడు కాడనే గుర్రు గుర్రుమని బండి ఆగిపోయింది, హ్యాండ్‌బ్రేక్ పట్టలె, వెనకకు జారుతుంటే మా అక్క దుంకి టైరు కింద బండ పెట్టింది. ఇప్పటికీ ఆ ముచ్చట తీసి తిడుతది. ఎట్ల జరిగిందంటే, బండి ముక్కు పైకి లేసినప్పుడు వెనక ఉన్న గిన్నె కిందికి పోతది, పెట్రోల్ గిన్నెలనే ఉంటది, నాజిల్ దాకా అందదు. దిగుతున్నప్పుడు దీనికి ఉల్టా, గిన్నె పైకి లేస్తది, పెట్రోల్ వరదలాగ వస్తది, నల్ల పొగ, వాసన. ఎక్కుళ్ళల్ల తిరిగే బండికి ఫ్లోట్ గిన్నె ముందు దిక్కే ఉండాలె, ఎక్కేటప్పుడు జెర రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అయితే బండి కొంచెం పొగ కొడ్తది గని చావదు. నువ్వు ఏ కార్బొరేటర్ కొన్నా కొనకముందే దాన్ని హెడ్డు మీద ఉత్తగ పెట్టి చూడు, గిన్నె ఎటు చూస్తుంది, రాడ్ ఎటు అందుతుంది, బానెట్ దిగుతుందా అని. నాకు ప్లేటు మందం కలిసి ఫిల్టర్ మూత బానెట్‌కు తగిలింది, సీజే3బీ బానెట్ అసలే ఎత్తుది, ఆ ఇంజను పట్టనీకనే దాన్ని పైకి లేపిండ్రు, అయినా తగిలింది.

ఇంకోటి గూడ జరిగింది, అది గుట్ట ఎక్కినంత తమాష కాదు గని నష్టం ఎక్కువ. కొత్త కార్బొరేటర్‌కు పాత ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ గొట్టం పట్టలేదని తీసి మూలకు పెట్టి, చిన్న స్పాంజి ఫిల్టర్ ఏసిన. మన చెల్క దుమ్ము నీకు తెలుసు, ఎండకాలం పల్లి చేన్ల ముందటి బండి వెనకాల పోతే అద్దం కనపడదు. ఒక సీజన్ తిరిగేసరికి ఇంజన్ ఆయిల్ తాగుడు షురూ చేసింది. ఆ పాత గిన్నె, అడుగున నూనె, అందుల పట్టుకున్న ఎర్ర బురద చూసి మనం నవ్వుతం గని ఆ బురదంతా లోపలికి పోవాల్సింది అన్నట్టు. పాత క్లీనర్ గొట్టం కూర్చోని కార్బొరేటర్ ఏది తెచ్చినా, ముందు ఆ గొట్టానికి దారి చూస్కొని తెచ్చుకో.

అంబాసిడర్ది అన్నడు గదా మీ మెకానిక్కు. ఆయన మాట పూర్తిగ తప్పేం కాదు, ఆ సోలెక్స్ కంపెనీ కార్బొరేటర్లు మన దగ్గర మస్తు దొరుకుతయి, జీపుల మీద గూడ మస్తు ఏసిండ్రు. కాని పాత అంబాసిడర్ ఇంజను 1489 సీసీ. బాడీ మీద 32 అని ఉంటే అది థ్రాటిల్ బొక్క సైజు, లోపల ఇంకో ఇరుకు గొట్టం ఉంటది, వెంచురీ, దాని నంబరు వేరే, జెట్టు (పెట్రోల్ వచ్చే సన్న బొక్క ఉన్న మర) నంబరు వేరే. 125 అని రాసున్న జెట్టు అంటే 1.25 ఎంఎం బొక్క అనుకో. చిన్న ఇంజనుకు కట్టిన వెంచురీ, జెట్టు అట్లనే పెద్ద ఇంజనుకు ఏస్తే స్లో బాగనే నిలబడ్తది, మెకానిక్కు అది చూపిచ్చే పైసలు తీస్కుంటడు, ట్రాక్టర్ ట్రాలీ ఏమన్న గుంజితెనో, దుందుభి వాగు ఇసుకల సెకండ్ గేర్ల తొక్కితెనో అప్పుడు గొంతు పట్టినట్టు అయితది, ఇంజను వేడెక్కుతది. బాడీ తీస్కో, వెంచురీ, జెట్లు నీ ఇంజనుకు తగ్గట్టు మార్చుకో, అట్లయితే సరే. జిప్సీది ఏస్కుంటా అనేటోళ్ళు గూడ ఉన్నరు, దాని వాక్యూం పైపులు, రెండు బొక్కలు, చిన్న ఇంజను లెక్కలు చూస్తే నాకైతే ఆ తలనొప్పి వద్దనిపిచ్చింది.

ఆన్‌లైన్ల చవక కాపీ మీద ఎక్కువ రాయను. ఒకటి తెప్పిచ్చిన, పేరు చెప్పను. డబ్బాల కెళ్ళి తీసినప్పుడు తళతళ మెరిసింది. అద్దం ముక్క మీద 400 నంబర్ ఎమెరీ కాయితం పెట్టి కింది ఫ్లాంజ్‌ను (ఇంజను మీద కూర్చునే అంచును) నాలుగు సార్లు రుద్ది చూసిన, రెండు మూలలే మెరిసినయి, నడుమ ముట్టుకోనే లేదు. అంటే అది సాపు లేదు, ప్యాకింగ్ ఏసి ఎంత బిగిచ్చినా గాలి గుంజుతది, ఇంకా గట్టిగ బిగిస్తే చెవులు వంగి ఇంక పాడైతది. నీడిల్ (గిన్నెలకు వచ్చే పెట్రోల్‌ను ఆపే సూది) సీట్ల ఇత్తడి పొట్టు గూడ ఉండె. అట్లాంటిదే కొనాల్సొస్తే పూర్తిగ విప్పి కడిగి, ఫ్లాంజ్ సాపు చేసి అప్పుడే బిగియ్యి.

చివరికి ఏం చేసిన అంటే, మొదట్ల తీసి పక్కన పడేసిన మా నాయన కాలంనాటి సోలెక్సే మళ్ళ తీసిన. మిర్యాలగూడల లేత్ పని చేసే ఒకాయన దగ్గర షాఫ్ట్ బొక్కలు పెద్దగ చేపిచ్చి ఇత్తడి బుష్‌లు కొట్టిచ్చిన, కొత్త షాఫ్ట్ చేపిచ్చిన. ఫ్లోట్‌ను (గిన్నెల తేలే డొల్ల బుడ్డిని) చెవు దగ్గర పెట్టి ఊపితే లోపల పెట్రోల్ గలగలమంది, వేడి నీళ్ళల్ల ముంచితే ఒక అతుకు కాడ కెళ్ళి బుడగలొచ్చినయి. నీ బండికి కింద చెమ్మ వస్తుందన్నవు గదా, ముందు ఇది చూడు, ఫ్లోట్ బరువెక్కితే పైకి తేలదు, నీడిల్ మూసుకోదు, పొంగుతది. పంపు గూడ చూడు, ఈ ఇంజనుకు మెకానికల్ పంపు 2.5 నుంచి 3.75 పీఎస్ఐ ఒత్తిడి దాకా ఇస్తది, ఎవరన్న మధ్యల ఎలక్ట్రిక్ పంపు బిగిచ్చి అది 5, 6 కొడుతుంటే ఏ కార్బొరేటర్ అయినా పొంగుతది, పాపం దాని తప్పేం ఉంది.

పెట్రోల్ సంగతి గూడ మారింది. ఇప్పుడు బంకుల వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసింది. పాత ఉత్త పెట్రోల్‌కు ఒక కిలోకు 14.7 కిలోల గాలి సరిపోతుండె, దీనికి 13.5 చాలు, అంటే పాత జెట్టు మీద ఇంజను పల్చగ నడుస్తది. నేను మెయిన్ జెట్ 125 తీసి 130 ఏసిన, బొక్క ఏరియా లెక్కల అది ఎనిమిది శాతం పెద్దది, నా బండికి సెట్టయింది, నీ దాంట్ల ఏ నంబరు ఉందో చూసి దాన్ని బట్టి పోవాలె. పాత రబ్బరు డయాఫ్రం, పాత పైపులు ఇథనాల్‌కు ఉబ్బి గట్టిపడ్తయి, కిట్టు కొనేటప్పుడు ఇథనాల్‌కు ఆగే రబ్బరు అని అడిగి తీస్కో. బండి నెలల తరబడి తోటల పెట్టేదుంటే పెట్రోల్ కుళాయి మూసి గిన్నెల ఉన్నదంతా ఎండేదాక నడిపి బంజేయి, లేకుంటే నీళ్ళు గుంజుకొని అడుగున తెల్ల పొడి పడ్తది, స్లో జెట్ మూసుకపోతది.

ఎండ కాలం మాట. మే నెలల 43, 44 డిగ్రీలల్ల సంతకు పోయి పావుగంట బండి ఆపి మళ్ళ సెల్ఫ్ కొడ్తె స్టార్ట్ గాకపోతే దాన్ని గూడ కార్బొరేటర్ రోగం అనుకోకు, కిందికెళ్ళి వచ్చే వేడికి గిన్నెల పెట్రోల్ మరిగి లోపలికి కారుతది. కార్బొరేటర్ కింద మందపాటి బేకలైట్ ముక్క ఒకటి పెట్టు, పంపు మీద తడి గుడ్డ చుట్టు, మా నాయన ఎప్పుడూ ఒక గోనె ముక్క సీటు కింద దాసిపెడ్తుండె దీని కోసమే.

ఇగ ఇంత రాసినంక నాకు గూడ నీ బండిది ఏ రోగమో తెల్వాలె అనిపిస్తుంది. రేపు పొద్దున చల్లటి ఇంజను మీద ఆ లివరు పట్టి ఆడిచ్చి చూడు, బాడీ మీద, జెట్ల మీద ఏమేం నంబర్లు ఉన్నయో తుడిచి ఫోటో దీసి ఈడ పెట్టు. అంతదాక ఆ ఆన్‌లైన్ దానికి ఆర్డర్ కొట్టకు.