ప్లేటు కాదు, మీటరు చూడు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఐటీఐలో ఓమ్ సూత్రం దగ్గరే అంతా కలగాపులగం అవుతోందని ఫోన్లో అన్నావు. త్రిభుజం గీసుకుని సూత్రాలన్నీ బట్టీ పడుతున్నావట. అంత శ్రమ దేనికిరా? వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్, వోల్టేజీనీ కరెంటునీ గుణిస్తే పవరు. మిగతావన్నీ ఇందులోంచి నువ్వే రాబట్టుకోవచ్చు. అసలు తంటా లెక్కతో కాదు, లెక్కలో ఏ అంకె వేస్తున్నామన్న దానితో.

గీజరు తీసుకో. ప్లేటు మీద 2000 వాట్లు, 230 వోల్టులు అని ఉంటుంది. 2000ని 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. 230ని మళ్లీ 8.7తో భాగిస్తే 26.4 ఓములు. ఇందులో గీజరుకి సొంతమైనది ఆ 26 ఓములే. ఆంపియర్లు, వాట్లు వచ్చే వోల్టేజీని బట్టి మారిపోతాయి. లో వోల్టేజీ ఉన్న ఊళ్లో సాయంత్రం 190 వోల్టులే వస్తుంటే 7.2 ఆంపియర్లే లాగుతుంది. గుణించి చూడు, 1368 వాట్లు! పాతిక లీటర్ల నీళ్లని 30 డిగ్రీలు పెంచడానికి 26 నిమిషాలు పట్టేది కాస్తా 38 నిమిషాలు పడుతుంది. ఎలిమెంట్ (నీళ్లని వేడిచేసే లోపలి కడ్డీ) పోయిందని ఇంటివాళ్లు గొడవ పెడతారు. కొత్తది తెప్పించే ముందు 190ని 7.2తో భాగించు. మళ్లీ 26 వస్తే ఎలిమెంట్‌కి ఏ రోగమూ లేనట్టే.

రీడింగులు రెండూ లోడు నడుస్తుండగా, ఒకే సమయంలో తీసుకో. పొద్దున్న చూసిన వోల్టేజీతో సాయంత్రం ఆంపియర్లని కలిపితే వచ్చేది ఎందుకూ పనికిరాదు. వైరు చుట్టూ తగిలించి ఆంపియర్లు చూసే టాంగ్ టెస్టర్‌ని ఫేజు వైరు ఒక్కదానికే తగిలించు. ఫేజు, న్యూట్రల్ కలిసి ఉన్న కేబుల్‌కి తగిలిస్తే గీజరు మరుగుతున్నా సున్నా చూపిస్తుంది. మల్టీమీటర్‌తో ఆంపియర్లు చూశాక ఎర్ర ప్రోబ్‌ని 10 ఆంపియర్ల రంధ్రంలోంచి తీసి వోల్టుల దాంట్లోకి మార్చడం మరిచిపోకు. అలాగే సాకెట్లో పెట్టావంటే నేరుగా షార్ట్ చేసినట్టే.

ఇక సాకెట్ సంగతి. ఇది కాస్త నిదానంగా చదువు. వైరు స్క్రూ కింద వదులైతే అక్కడ అర ఓము అడ్డు పడిందనుకో. 26 ఓముల ముందు అర ఓమెంత అనిపిస్తుంది. కరెంటు 8.7 నుంచి 8.5కి మాత్రమే తగ్గుతుంది, మీటర్లో పెద్దగా తేడా తెలియదు. కానీ ఆ అర ఓము దగ్గర 8.5 × 8.5 × 0.5, అంటే 36 వాట్ల వేడి పుడుతుంది. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుంది. దాన్ని మించిన వేడి ప్లాస్టిక్ సాకెట్ లోపల, స్క్రూ తల దగ్గర, గీజరు వేసిన ప్రతిసారీ! సాకెట్ నల్లబడటం, కమురు వాసన రావడం అందుకే. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తానే ఆగిపోయే స్విచ్చి) కొట్టదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు కదా. సాకెట్ ఒక్కటి మార్చి ఊరుకోకు. లోపల వైరు కొస నల్లబడి ఉంటే అక్కడిదాకా కత్తిరించి, కొత్తగా చెక్కి బిగించు.

లెక్క ఎదురు తిరిగే చోట్లూ ఉన్నాయి. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్లో సుమారు 40 ఓములు చూపిస్తుంది. దాంతో లెక్క కడితే బల్బు పదమూడు వందల వాట్లు అవుతుంది! వెలుగుతున్నప్పుడు దాని రెసిస్టెన్స్ 529 ఓములు, తీగ వేడెక్కి అంత పెరుగుతుంది. గీజరు ఎలిమెంట్‌లో ఈ తేడా చాలా తక్కువ. ఓములు కొలిచేటప్పుడు మాత్రం మెయిన్ ఆపేసి, వైర్లు ఊడదీసి కొలువు.

మోటారు దగ్గర వోల్టుల్ని ఆంపియర్లతో భాగించి అదే రెసిస్టెన్స్ అనుకోకు. పవరులోనూ పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంపియర్లు గుణించగా వచ్చినదాంట్లో నిజంగా పవరయ్యే వంతు) వేయాలి, త్రీఫేజు అయితే 1.732 కూడా. పొలంలో 5 హెచ్‌పీ మోటారు 415 వోల్టుల దగ్గర 7.5 ఆంపియర్లు లాగుతూ, పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటే సుమారు 4300 వాట్లు తీసుకుంటున్నట్టు. అందులో 3730 వాట్లు షాఫ్టు దగ్గర పనికొస్తాయి, మిగతాది వేడి. ఇంకోటి, వోల్టేజీ తగ్గితే గీజరు ఆంపియర్లు తగ్గించుకుంటుంది, లోడు మీదున్న మోటారు పెంచుకుంటుంది. లో వోల్టేజీలో వైండింగులు కాలేది ఇందుకే. స్టార్టర్ మాటిమాటికీ పడిపోతోందని రిలే (కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపే భాగం) సెట్టింగు పెంచమని రైతు బతిమాలతాడు. పెంచకు. ముందు మూడు ఫేజుల మధ్యా వోల్టేజీ, ఒక్కో వైరులో ఆంపియర్లు కొలిచి, పుస్తకంలో రాసి, ఆయనకి చూపించు.

మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పట్టడం గురించి అడిగావు. దానికి ఇంకో ఉత్తరం రాస్తాను.

మీ మామయ్య