కుండీలో టమాటా: మట్టి కుదిరాకే ఎరువు

ప్రశ్న: మేడ మీద పది లీటర్ల కుండీల్లో టమాటా, మిరప వేశాను. కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), వర్మీకంపోస్టు సగం సగం కలిపి నింపాను. మొదట్లో ఏపుగా ఎదిగాయి. ఇప్పుడు అడుగు ఆకులు పసుపు రంగుకు తిరిగి అంచులు మాడుతున్నాయి. టమాటా కాయల అడుగున నల్లమచ్చ పడి కుళ్ళుతోంది. నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19:19:19 ఎరువును లీటరు నీటికి ఐదు గ్రాములు కలిపి వారం వారం పోస్తూనే ఉన్నాను. ఇంకా ఏ ఎరువు వేయాలి? కుండీలకు ఏ మట్టి మంచిది?

జవాబు: ఇంకో ఎరువు వేయకండి. ముందు వేస్తున్నదాన్ని కూడా ఆపండి. మీ మొక్కలకు తిండి చాలక ఈ తెగులు వచ్చినట్టు లేదు. ఎరువు ఉప్పు ఎక్కువై, వేరుకు గాలి అందక వచ్చినట్టుంది. లీటరుకు ఐదు గ్రాములంటే కుండీకి చాలా ఎక్కువ. పొలంలో ఎరువు పక్కకు, కిందకు చెదిరిపోతుంది, కుండీలో వేరు చుట్టూనే పేరుకుంటుంది.

ఒక కుండీని మెల్లగా ఒరిగించి, మట్టిగడ్డ చెదరకుండా మొక్కను బయటికి తీసి చూడండి. వేర్లు తెల్లగా, గట్టిగా ఉంటే భయం లేదు. గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైతోలు జారిపోతూ మురుగువాసన వస్తుంటే నీరు నిలిచి వేరు కుళ్ళుతోందని అర్థం. మట్టి పైన, కుండీ అంచున తెల్లటి పొర కట్టిందేమో కూడా చూడండి. అది చాలావరకు మీరు పోసిన ఎరువు ఉప్పే. వేర్లు బాగుండి, తెల్లపొర మాత్రమే కనిపిస్తే ఒక్కో కుండీలో ఇరవై లీటర్ల మంచినీళ్ళు నిదానంగా పోసి, అడుగు రంధ్రాల గుండా పూర్తిగా కారిపోనివ్వండి. ఆ తర్వాత పైమట్టి వేలి కణుపు లోతు ఆరేదాకా తడి ఇవ్వకండి. వేరు కుళ్ళిన మొక్కకు మాత్రం ఇలా నీళ్ళు పోయకుండా, కుళ్ళిన వేర్లు కత్తిరించి కొత్త మిశ్రమంలోకి మార్చండి.

కాయ అడుగు కుళ్ళు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని పురుగు అనో, బూజు తెగులు అనో అనుకుని మందులు కొడతారు. కాయకు కాల్షియం అందకపోవడమే దీనికి కారణం. మట్టిలో కాల్షియం ఉన్నా అది నీటితోపాటే మొక్కలోకి ఎక్కుతుంది. ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచితే కాయ చివరకు చేరదు. అమ్మోనియా నత్రజని, పొటాష్ మోతాదు మించినా మొక్క కాల్షియాన్ని సరిగా తీసుకోలేదు. ఆకుల మీద పిచికారీ చేసింది కాయలోకి పెద్దగా దిగదు. గుడ్డుపెంకుల పొడి కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాపుకు అందదు. మచ్చ పడ్డ కాయలు కోలుకోవు, కోసి పారేయండి. మట్టిలో పదును (తడి) ఎప్పుడూ ఒకేలా ఉంచితే తర్వాతి కాయలు బాగా వస్తాయి.

ఇక మట్టి. కోకోపీట్‌ను కడగకుండా వాడారా? అందులో సహజంగా పొటాషియం, సోడియం ఎక్కువ ఉంటాయి. కడిగిన కోకోపీట్ కూడా మొదట్లో కాల్షియాన్ని తనలో పట్టి ఉంచుకుంటుంది. అందుకే దాన్ని రెండు మూడుసార్లు నానబెట్టి పిండేశాక, లీటరుకు ఐదు గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో ఒక రోజంతా ఉంచి, మళ్ళీ కడిగి వాడాలి. సగానికి సగం వర్మీకంపోస్టు వేయడం కూడా మంచిది కాదు. తడిస్తే అది మెత్తగా అణిగిపోయి గాలి సందులు మూసేస్తుంది.

నా సలహా ఇది: జల్లెడ పట్టిన ఎర్రమట్టి నాలుగు పాళ్ళు, శుద్ధి చేసిన కోకోపీట్ మూడు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు రెండు పాళ్ళు, ముతక ఇసుక లేదా పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) ఒక పాలు. కుండీకి పిడికెడు వేపపిండి చాలు. మేడకు బరువు అవుతుందనుకుంటే మట్టి తగ్గించి కోకోపీట్, పెర్లైట్ పెంచుకోండి. పచ్చిపేడ మాత్రం వద్దు. అది మాగేటప్పుడు వేడి పుట్టి వేర్లు దెబ్బతింటాయి, వేరుపురుగు కూడా చేరుతుంది. కలిపిన మిశ్రమాన్ని తడిపి పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వేలితో తాకగానే విడిపోవాలి. అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందనే మాట నిజం కాదు. రాళ్ళ పైన మట్టిలోనే తడి నిలుస్తుంది, వేరుకు చోటు తగ్గుతుంది. రంధ్రాలు తెరిచి ఉంటే అంతే చాలు. మిరపకు పది లీటర్ల కుండీ సరిపోతుంది, టమాటాకు పదిహేను నుంచి ఇరవై లీటర్లు కావాలి. మీ టమాటాకు పదును నిలకడగా ఉండకపోవడానికి చిన్న కుండీ కూడా ఒక కారణం.

ఈ మిశ్రమంలో నాటిన మొక్కకు మొదటి మూడు వారాలు పైఎరువు అక్కర్లేదు. తర్వాత వారానికోసారి 19:19:19 లీటరుకు ఒక గ్రాము. పూత మొదలయ్యాక దాని బదులు 13:0:45 (పొటాషియం నైట్రేట్) ఒక గ్రాము చాలు. కాల్షియం నైట్రేట్ ఒక గ్రాము చొప్పున వేరే రోజు ఇవ్వండి. దాన్ని 19:19:19తో ఒకే నీళ్ళలో కలిపితే భాస్వరంతో కలిసి అడుగున పొడిలా పేరుకుంటుంది, రెండూ వృథా.

రంగు మారిన ప్రతి ఆకుకూ ఎరువు వేయకండి. అడుగు ఆకు మొత్తం పాలిపోతే నత్రజని, ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపైతే మెగ్నీషియం లోపం. కొత్త చిగుళ్ళు అలా పసుపైతే ఇనుము అందడం లేదు, అప్పుడు ముందు మట్టి ఉదజని సూచిక (pH) చూసుకోండి, 6 నుంచి 6.8 మధ్య ఉండాలి. ప్రస్తుతానికి మట్టిని నీళ్ళతో కడిగి, ఎరువు వేయకుండా పది రోజులు ఆగండి. కొత్త ఆకులు మాడకుండా వస్తుంటే, అప్పుడు ఒక గ్రాముతో మళ్ళీ మొదలుపెట్టండి.