ఏడు వారాల పిల్లికూనకు ఇంట్లోనే గోళ్లు తీయవచ్చా?

ఏడు వారాల కూన, గోళ్లు సూదుల్లా ఉన్నాయి, మూడేళ్ల పాప చేతుల నిండా గీతలే, ఇంట్లో కత్తిరిస్తే ప్రమాదమా అని అడిగారు. ప్రమాదం లేదు, కత్తిరించవచ్చు. నేను హనుమకొండలో మూడు కూనలను పెంచాను. చేయదగిన తప్పులన్నీ మొదటిదాని మీదే చేసేశాను కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

మా ముందుగదిలో వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా పరిచి ఉంటుంది. ఒక సాయంత్రం కూన గోరు ఆ నేత దారంలో చిక్కుకుంది. అది గింజుకునే కొద్దీ దారం బిగిసింది. కత్తెరతో పోగు తెంచి విడిపించేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆ కంగారులో అప్పటికప్పుడే గోళ్లన్నీ తీసేయాలని కూర్చున్నాను. తమ్ముడు నాలుగు కాళ్లూ గట్టిగా పట్టుకున్నాడు, నేను ట్యూబులైటు వెలుతురులో కత్తిరించాను. మూడో గోరుకు కెవ్వుమంది, చుక్క రక్తం వచ్చింది. ఆ తర్వాత పది రోజుల పాటు నెయిల్ కట్టర్ ఉన్న డబ్బా మూత చప్పుడైతే చాలు, మంచం కింద దూరేది.

రక్తం కంటే ఆ పట్టుకోవడమే దాన్ని ఎక్కువ భయపెట్టిందని నాకు ఆలస్యంగా అర్థమైంది. అందుకే రెండో కూనకు వారం రోజులు గోరు ముట్టుకోలేదు. పాలు మరిచిన కూన కడుపు నిండా తిని, ఒళ్లో మగతగా పడుకున్నప్పుడు ఒక్కో పాదాన్ని చేతిలోకి తీసుకుని నిమిరేదాన్ని. వెనక్కి లాక్కుంటే వదిలేసేదాన్ని. మూడు నాలుగు రోజులకు లాక్కోవడం మానేసింది. అప్పుడు వేలిని మెల్లగా నొక్కడం మొదలుపెట్టాను. బొటనవేలు పైన, చూపుడువేలు కింద మెత్త మీద పెట్టి కొంచెం ఒత్తితే గోరు దానంతట అదే బయటికి జారుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకే ముచ్చటేసింది. ప్రతి నొక్కుకూ గురిగింజంత ఉడికించిన కోడిమాంసం పెట్టాను, ఉప్పూ మసాలా లేకుండా.

ఇక కత్తిరించడం. పగటి వెలుతురులో, వీలైతే కిటికీ పక్కన కూర్చోండి. గోరు అద్దంలా ఉంటుంది, దాని మొదలు దగ్గర లేత గులాబీ రంగు కనిపిస్తుంది. రక్తనాళం, నరం ఉన్నది అక్కడే. దాని జోలికి పోవద్దు. కొసన వంపు తిరిగిన తెల్లటి మొన ఒక్కటే తీయాలి. ఇంత చిన్న కూనకు అది ఒక మిల్లీమీటరుకు మించదు. అనుమానం వస్తే ఇంకా తక్కువ తీయండి, మొన మొద్దుబారితే పాపకు గీతలు పడవు. గోరు నల్లగా ఉండి లోపలిది కనిపించకపోతే వెనక నుంచి ఫోను టార్చి వేసి చూడండి.

పరికరం కోసం వెతుక్కోనక్కర్లేదు. పసిపిల్లల నెయిల్ కట్టర్ ఈ వయసుకు చక్కగా సరిపోతుంది, కాకపోతే కూనకంటూ విడిగా ఒకటి పెట్టండి. కట్టర్ అంచుల్లో ఒకటి గోరుకు పైన, ఒకటి కింద వచ్చేలా పట్టుకోవాలి. పక్కల నుంచి నొక్కితే గోరు చీలుతుంది.

మొత్తం పద్ధెనిమిది గోళ్లు. ముందు పాదాలకు ఐదేసి, వెనక వాటికి నాలుగేసి. ఒకే రోజు పద్ధెనిమిదీ తీయాలన్న పంతం మాత్రం వద్దు. నేను రోజుకు రెండు తీసేదాన్ని, మూడు తీసిన రోజు పండగే. వెనకవి అంత పదునుగా ఉండవు, వదిలేసినా ఫరవాలేదు. ముందు పాదానికి లోపలివైపు కాస్త పైన ఉండే ఐదోదాన్ని మాత్రం మరిచిపోకండి. అది నేలకు తగలదు, అరగదు, పట్టించుకోకపోతే వంపు తిరిగి మెత్తలోకే గుచ్చుకుంటుంది. కూనలకు గోళ్లు వేగంగా పెరుగుతాయి కాబట్టి వారం పది రోజులకోసారి చూడాల్సిందే.

పొరపాటున రక్తం వస్తే కంగారు పడి అరవకండి, అది మరింత బెదిరిపోతుంది. వంటింట్లో కార్న్‌ఫ్లోరో మైదాపిండో ఉంటే చిటికెడు తీసుకుని గోరు కొసకు అద్ది, శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి. కొద్ది నిమిషాల్లో ఆగుతుంది. ఆగకపోతే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. డెట్టాల్, ఫినాయిల్ వంటివి మాత్రం పూయవద్దు. పిల్లి పాదం నాకుతుంది, పైగా అవి దాని ఒంటికి విషం.

పాప గీతల గురించి ఒక మాట. రక్తం రాకపోయినా గీత పడిన చోటును పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించండి, ముఖ్యంగా కూన వీధిలో దొరికినదైతే. కూనలకు రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు, అంటే మీ దానికి ఇంకా పడి ఉండదు. దేవుడి మీద భారం వేసి వదిలేసే విషయం కాదిది.

గోళ్లు తీస్తే ఎలుకలు పట్టదని మా పక్కింటి అవ్వ అంటుంది. మొన తీసినా రెండు వారాలకు మళ్లీ వస్తుంది, అవ్వ బెంగ అనవసరం. అయితే బయట తిరిగే పిల్లికి నేను అసలు తీయను. మా వీధిలో కుక్కలకు తోడు కోతులు కూడా ఉన్నాయి, గోడ ఎక్కి ప్రాణం కాపాడుకోవడానికి దానికి గోళ్లు కావాలి.

గోకడానికి పాత గోనెసంచి చుట్టిన చెక్క ఒకటి గోడకు ఆనించి పెట్టండి. మా రెండో కూన దాని దగ్గర చిన్న గోరు తొడుగు వదిలి వెళితే గోరే ఊడిపోయిందనుకుని హడలిపోయాను. తీరా చూస్తే లోపల ఖాళీ, పైపొర అలా రాలడం మామూలేనట. జంపఖానా మీద ఇప్పుడు మూడోది పడుకుంటోంది. దారాలు మాత్రం అక్కడక్కడా లేచే ఉన్నాయి.