పాత కారు కొనేముందు ఇంజన్ లోపాలను ఎలా కనిపెట్టాలి?

విశాఖపట్నంలో పదేళ్ల నాటి డీజిల్ కారు చూశానని, కొనేముందు ఇంజన్‌లో ఏం పరిశీలించాలని మీరు అడిగారు. ముందుగా అందులో ఉన్న ఇంజన్ ఏదో తెలుసుకోండి, ఎందుకంటే ఒకే ఇంజన్ అనేక మోడళ్లలో వస్తుంది, దాని లోపాలూ వెంటే వస్తాయి. స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్‌కు టైమింగ్ చైన్ (గాలి, పొగ దారులను తెరిచి మూసే వాల్వులను సరైన సమయానికి కదిలించే గొలుసు), డస్టర్‌లోని 1.5 లీటర్ల డీజిల్‌కు అదే పని చేసే బెల్టు ఉంటాయి. చైన్ సాగితే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే గలగలమంటుంది, బెల్టు మాత్రం ముందుగా ఏ చప్పుడూ లేకుండానే తెగి వాల్వులను వంచేయగలదు కనుక, దాన్ని మార్చిన బిల్లు చూడకుండా బేరం మొదలుపెట్టవద్దు. ఛాసిస్ నంబరు చెప్పి, రీకాల్ పని (లోపం వల్ల కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి చేసే మరమ్మతు) ఏదైనా మిగిలి ఉందేమో సర్వీస్ సెంటర్‌లో అడగండి.

బండి చూడటానికి ఉదయాన్నే వెళ్లి, బానెట్‌పై చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే అమ్మేవారు ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, అలాంటప్పుడు మరో రోజు రావడమే మంచిది. నీలిరంగు పొగ వస్తే ఆయిల్ కాలుతోందని అర్థం. ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లని జిడ్డు కనిపిస్తే ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ ద్రవం ఆయిల్‌లో కలుస్తోందని అనుమానించాలి, అయితే తక్కువ దూరాలే తిరిగిన బండిలో తేమ వల్ల కూడా అది ఏర్పడవచ్చు. చివరగా ఏసీ వేసి కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కించి, ఇంజన్ అతిగా వేడెక్కుతోందేమో టెంపరేచర్ ముల్లును గమనించండి.