ఇంటి వాటాల విషయమై మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. తమ్ముడు ఊళ్ళో ఇంటి పన్నును తన పేరు మీదకు మార్పించుకున్నాడనీ, అందుకని లాయరు చేత నోటీసు ఇప్పించబోతున్నాననీ రాశావు. ఆ నోటీసును కొన్నాళ్ళు ఆపు. పంచాయతీ రిజిస్టరులో పేరు మారినంత మాత్రాన ఇల్లు ఎవరి సొంతమూ అయిపోదు. పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలో తెలియడానికి వాళ్ళు రాసుకునే పేరు అది. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాస్తూ బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఇలాంటి కాగితం ఒకటి చూసి కంగారుపడి కోర్టుకెక్కిన అన్నదమ్ములను చాలామందిని చూశాను.

ముందుగా ఇల్లు ఎవరి ఆస్తో తేల్చుకోవాలి. ఆ స్థలాన్ని బావగారు తన సంపాదనతో కొన్నారు, క్రయ దస్తావేజు నేనే రాశాను. కనుక అది స్వార్జితం. వీలునామా రాయకుండా కాలం చేశారు కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మకు, నీకు, తమ్ముడికి, చెల్లికి తలా నాలుగో వంతు వస్తుంది. తాతల నాటి ఇల్లయితే లెక్క ఇంత సూటిగా ఉండేది కాదు. నువ్వేమో ‘అన్నదమ్ములం చెరి సగం’ అని రాశావు, అది కుదరదు. పెళ్ళిలో చెల్లికి పెట్టిన బంగారం ఆమె వాటాను చెరిపేయదు. మగ వారసులు పంచుకుంటే తప్ప నివాసగృహంలో భాగం పంచమని ఆడపిల్ల అడగకూడదనే సెక్షను ఒకటి ఆ చట్టంలో ఉండేది; దాన్ని 2005 సెప్టెంబరు 9 నుంచి తీసేశారు. ఆమె తనకు తానుగా వద్దనుకుంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేసి ఇవ్వాలి, అంతేగాని ‘మా చెల్లి ఏమీ అడగదులే’ అన్న నమ్మకం మీద మీరిద్దరూ పంచేసుకోకూడదు.

నాకు అర్థమైనంతలో మీరు వాటానూ ఖర్చుల లెక్కనూ కలగలిపి పోట్లాడుకుంటున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పెరట్లో కొబ్బరిచెట్టు ఇంటి మీద పడి, దూలం విరిగి, పెంకులు నుజ్జయిపోతే, వంటింటి మీద టార్పాలిను కట్టి అమ్మను కాచుకున్నదీ, తర్వాత ఆ భాగానికి అప్పు చేసి స్లాబు పోయించిందీ తమ్ముడే. ఇల్లు తనదన్న భావం అతనికి అప్పుడే నాటుకుని ఉంటుంది. అదే సమయంలో అతను ఇన్నేళ్ళూ అద్దె లేకుండా ఉన్నాడు, కొబ్బరికాయల డబ్బూ తనే తీసుకున్నాడు; నువ్వు విశాఖపట్నం నుంచి స్లాబు కోసం కొంత పంపావు. ఇవన్నీ నిజాలే అయినా వీటిలో ఏదీ ఎవరి నాలుగో వంతునూ మార్చదు. వీటిని ఒక పుస్తకంలో విడిగా రాసుకుని, రసీదు ఉన్నదానికి రసీదు, లేనిదానికి మేస్త్రీ మాట పెట్టుకుని, తేలిన మొత్తాన్ని రూపాయల్లో సర్దుకోండి. అమ్మ తిండీ మందులూ మాత్రం ఆ పుస్తకానికి ఎక్కించవద్దు. మా అక్క కాబట్టి అలా అంటున్నానని నువ్వనుకున్నా ఫరవాలేదు.

ఇరవై అడుగుల వీధి ముఖమున్న ఇంటిని నాలుగు ముక్కలు చేస్తే ఎవరికీ కాపురానికి పనికిరాదు. అలా పంచుకున్న ఒక కుటుంబంలో గదులూ నుయ్యీ హద్దులతో సహా రాయించారు గాని, పెరట్లోకి వెళ్ళే మూడడుగుల సందు ఎవరిదో రాయించలేదు. వెనక భాగం వచ్చినవాడు ఆ నడక దారి కోసమే మళ్ళీ దావా వేశాడు. మీ విషయంలో ఇల్లు తమ్ముడు ఉంచుకుని, మిగిలిన వాటాలకు డబ్బు కట్టడమే మేలని నా అభిప్రాయం. స్థానిక ధర తెలిసిన ఇద్దరిని విడివిడిగా అడిగి విలువ కట్టించండి. నీ వాటాను బయటివాడికి అమ్మేస్తానని మాత్రం బెదిరించకు. అమ్మదలిస్తే ముందుగా కొనుక్కునే హక్కు తోటి వారసులదే, పైగా పంపకం కాని వాటా కొన్న పరాయివాడికి మీ వాళ్ళతో కలిసి ఆ ఇంట్లో ఉండే హక్కు రాదు.

అమ్మ వాటాను ఇప్పుడే ఎవరికో రాసెయ్యమని ఆమెను ఒత్తిడి చేయవద్దు. తనే తమ్ముడికి ఇస్తానంటే, పోషణ బాధ్యత అతనిదేనన్న షరతు గిఫ్టు దస్తావేజులో రాయించాలి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద, ఆ మాట తప్పితే దస్తావేజును రద్దు చేయమని ఆమె అడగవచ్చు.

ఏ ఒప్పందానికి వచ్చినా పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద సంతకాలు చేసి ఊరుకోవద్దు. ఆస్తిని పంచే కాగితం రిజిస్టరు కాకపోతే పంపకానికి సాక్ష్యంగా కోర్టులో నిలవదు. మాట కుదరకపోతే దావాకంటే ముందు శ్రీకాకుళంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోండి. అక్కడ లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది సివిలు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. భాగం దావా అయితే ముందు ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రాథమిక డిక్రీ, తర్వాత కోర్టు నియమించే కమిషనరు కొలతలు, ఆపైన తుది డిక్రీ. అది తెమిలేసరికి స్లాబుకు కూడా మరమ్మతు వస్తుంది.

ప్రస్తుతానికి క్రయ దస్తావేజు నకలూ, ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీ కాగితమూ తీయించు, తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు చేయించు. మూడూ చేతికి వచ్చాక ఇచ్ఛాపురంలో చెల్లికి నువ్వే ఫోను చేసి చెప్పు, తమ్ముడితో నేను మాట్లాడతాను. మీరు ముగ్గురూ అమ్మ దగ్గర కూర్చునే రోజున నేను కూడా వస్తాను, చిత్తుప్రతి అక్కడే రాసుకుందాం.

ఆశీస్సులతో,
మావయ్య