స్టెరాయిడ్ సూది వేసే ముందు

అమ్మలూ,

నీ దగ్గరికి వైద్యానికి వచ్చిందని నిన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పిన పిల్లి గురించే పడుకున్నాక కూడా ఆలోచిస్తూ ఉండిపోయాను. 12 ఏళ్ల పిల్లి, ఆరు నెలలుగా వాంతులు, ఒళ్లు తగ్గిపోయింది, స్కానింగులో పేగు గోడ మందంగా కనిపించింది. "రేపటి నుంచి ప్రెడ్నిసొలోన్ ఇచ్చి చూస్తాను మావయ్యా" అన్నావు. ఇంతలో లైను కట్టయింది. ఆ స్టెరాయిడ్ మందు ఇంకా ఇవ్వకపోతే మాత్రం ఆగు. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక నీ ఇష్టం.

నా చేతిలో పోయిన ఒక పిల్లి సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. 28 ఏళ్లు గేదెలు, దూడల మధ్య సర్వీసు చేసి, రిటైరయ్యాక టౌన్లో క్లినిక్ పెట్టిన కొత్త. ఒక రిటైర్డ్ టీచరుగారు 11 ఏళ్ల గండుపిల్లిని తీసుకొచ్చారు. "బొచ్చు నాక్కుంటుంది కదండీ, ఆ ఉండలే కక్కుతోంది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. కాటా మీద కూడా పెట్టకుండా స్టెరాయిడ్ సూది వేసి పంపాను. వారం తిరక్కుండా పిల్లి శుభ్రంగా తినడం మొదలుపెట్టింది. ఆవిడ సంతోషం పట్టలేక పూతరేకుల డబ్బా తెచ్చిచ్చారు. రెండు నెలలకు వాంతులు మళ్లీ వచ్చాయి, మళ్లీ సూది వేశాను. మూడోసారి సూదికి లొంగలేదు. అప్పుడు టీకాల కార్డు అడిగి చూస్తే, ఏడాది కిందట బరువు 4.6 కేజీలు. ఆ రోజు 3.7. అంటే 60 కేజీల మనిషి 12 కేజీలు తగ్గినట్టు. పేగు ముక్క తీయించి బయాప్సీ చేయించాను. స్టెరాయిడ్లు పడినందువల్ల ఏదీ గట్టిగా చెప్పలేమని రిపోర్టు వచ్చింది. దాని జబ్బు పేరేమిటో తెలియకుండానే ఆ పిల్లి పోయింది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

జరిగింది ఇదీ. పిల్లి జీర్ణాశయంలో, పేగుల్లో వచ్చే కేన్సర్లలో ఎక్కువగా కనిపించేది లింఫోమా, అంటే లింఫోసైట్లనే తెల్లరక్తకణాల కేన్సర్. అందులోనూ చిన్న కణాల రకం నెమ్మదిగా, నెలల తరబడి పాకుతుంది. పేగువాపు జబ్బు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అదే వయసు, అవే వాంతులు, అదే బరువు తగ్గడం, స్కానింగులో అదే మందం. స్టెరాయిడ్ ఈ రెండింటినీ కొన్నాళ్లు అణిచిపెడుతుంది, లింఫోసైట్ కణాలను చంపేస్తుంది. ఆ తర్వాత ముక్క తీసినా, దాన్ని పరీక్షించే పెథాలజిస్టుకు చూడ్డానికి అసలు బొమ్మ మిగలదు. మందు పనిచేసింది కాబట్టి కేన్సర్ కాదు అనుకోవడం నేను చేసిన రెండో తప్పు.

ఇక నీ పిల్లి దగ్గరికి వద్దాం. ముందు కాటా. చంటిపిల్లల్ని తూచే డిజిటల్ కాటా కొనుక్కో, ప్రతి పిల్లినీ ప్రతిసారీ తూచి రాసిపెట్టు. ఇంట్లో వాళ్లు రోజూ చూస్తుంటారు కాబట్టి చిక్కిపోవడం వాళ్ల కంటికి ఆనదు, బొచ్చు కూడా కప్పేస్తుంది. వాంతి అంటే ఏమిటో ఫోన్లో వీడియో తీసి తెమ్మను. ఉబ్బసం ఉన్న పిల్లి మెడ సాచి దగ్గుతుంటే, కక్కడానికి అవస్థ పడుతోందని చెప్పేవాళ్లు చాలామంది. ఆకలి గురించి విడిగా అడుగు. పేగు జబ్బున్న పిల్లి తిండి మానేయాలని లేదు, కొన్ని ఇంకా ఎక్కువ తింటూనే చిక్కిపోతాయి. అలాంటప్పుడు థైరాయిడ్ గుర్తుకు రావాలి. ముసలి పిల్లికి టీ4 అనే థైరాయిడ్ పరీక్ష, కిడ్నీ, షుగర్, క్లోమం పరీక్షలు, ఎఫ్ఈఎల్వీ, ఎఫ్ఐవీ అనే పిల్లి వైరస్‌ల పరీక్షలు, మల పరీక్ష చేయించకుండా పేగు దాకా వెళ్లకు.

తర్వాత నీ చెయ్యి. ఎడమ చేత్తో రొమ్ము కింద ఆనించి, కుడిచేతి బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య కడుపును మెల్లగా పట్టుకుని, వెన్ను దగ్గర నుంచి కిందికి జారనివ్వు. బాగున్న పేగు తడిసిన లంగా నాడాలా జారిపోతుంది. జబ్బు పడిన పేగు గ్యాస్ పొయ్యి రబ్బరు గొట్టంలా చేతికి తగులుతుంది. ఉండలాంటి గట్టి ముద్ద ఒకటే తగిలితే సంగతి వేరు. అది పేగు లోపలి పొరలో పుట్టే కేన్సర్ అడినోకార్సినోమా కావచ్చు, పెద్ద కణాల లింఫోమా కావచ్చు, మాస్ట్ సెల్ అనే రోగనిరోధక కణాల గడ్డ కావచ్చు, వాచిన లింఫు గ్రంథీ కావచ్చు. పేగుల్లో అడినోకార్సినోమా సయామీ పిల్లుల్లో ఎక్కువ. ఉంగరంలా బిగుసుకుని దారి మూసేస్తుంది. ఈ తడమడం ఏ పుస్తకమూ నేర్పదు. రోజుకు నాలుగు బాగున్న పిల్లుల కడుపులు తడిమి చూస్తుంటే ఏడాదిలో వేళ్లకు తెలుస్తుంది.

నీ స్కానింగ్ రిపోర్టులో "మందం" అని ఒక్క మాటే రాశారన్నావు. అది చాలదు. రేడియాలజిస్టును రెండు విషయాలు అడుగు. గోడ ఎన్ని మిల్లీమీటర్లు, పొరలు విడివిడిగా కనిపిస్తున్నాయా? మామూలుగా రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. పొరలు చెక్కుచెదరకుండా కండర పొర ఒక్కటే మందమైతే చిన్న కణాల లింఫోమా అయినా కావచ్చు, వాపైనా కావచ్చు. స్కానింగ్ దగ్గర అంతకుమించి తేలదు. పొరలు చెరిగిపోయి గడ్డ కట్టి ఉంటే, సన్నసూదితో కణాలు లాగి స్లైడ్ మీద పరిచి చూడు. పెద్ద కణాల లింఫోమా, మాస్ట్ సెల్ గడ్డ చాలాసార్లు అక్కడే బయటపడతాయి. చిన్న కణాల రకం సూదికి దొరకదు, ఎందుకంటే ఆ కణాలు మామూలు లింఫోసైట్లలాగే ఉంటాయి. స్కానింగ్ బాగుందని వచ్చినా ఆశ పెట్టుకోకు, గోడ మామూలుగా కనిపిస్తూనే లోపల జబ్బు ఉండొచ్చు.

అందుకే ముక్క పరీక్ష. ఎండోస్కోపీలో కోత ఉండదు, పిల్లి సాయంత్రానికి ఇంటికి వెళ్తుంది. కానీ వచ్చేవి లోపలి పొర తునకలే, చిన్నపేగు మధ్యభాగమైన జెజునంలోకి గొట్టం చాలావరకు వెళ్లదు. చిన్న కణాల లింఫోమాకు అదే ఇష్టమైన చోటు. పైనుంచి చిన్నపేగు మొదటి భాగం డుయోడినం, కింది నుంచి చివరి భాగం ఇలియం, రెండు చోట్లా తీయిస్తేనే కొంత నయం. కడుపు కోసి తీస్తే జీర్ణాశయం, పేగుల్లో మూడు చోట్లు, ఒక లింఫు గ్రంథి, కాలేయం అన్నీ పూర్తి మందంతో వస్తాయి. కుట్లు విడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువున్న పిల్లిని తొందరపడి టేబుల్ మీద పెట్టకు. నన్నడిగితే, పొరలు చెదరక గోడంతా మందంగా ఉందని తేలితే, ఈ పిల్లికి, రక్తపరీక్షలు బాగుంటే, కోసి తీయడమే మంచిది.

ఇక్కడ ఒక చిన్న పని చాలామంది అశ్రద్ధ చేస్తారు. తీసిన ముక్కను లోపలి వైపు పైకి ఉండేలా గట్టి కాగితం మీద పరిచి, ఒక నిమిషం అంటుకోనిచ్చి, కాగితంతో సహా 10 శాతం ఫార్మలిన్లో వెయ్యి. అలాగే వదిలేస్తే ముక్క చుట్టుకుపోతుంది, అడ్డదిడ్డంగా కోతపడి సగం ఉపయోగం పోతుంది. ముక్కకు పదింతలు ఫార్మలిన్ ఉండాలి. ఏ ముక్క ఏ చోటిదో డబ్బా మీద రాయి, మూత మీద కాదు, మూతలు మారిపోతాయి. ఫారంలో వయసు, బరువు, స్కానింగ్ సంగతి, ఇప్పటిదాకా ఏ మందులు పడ్డాయో అంతా రాయి. పెథాలజిస్టు తేల్చలేకపోతే కణాల రకాన్ని రంగులతో గుర్తించే ఇమ్యూనోహిస్టోకెమిస్ట్రీ, కణాలన్నీ ఒకే కణం నుంచి పుట్టాయేమో చూసే క్లోనాలిటీ పరీక్ష అడుగు. చిన్న కణాల లింఫోమా, పేగువాపు, ఈ రెండు జబ్బుల్నీ విడదీయడానికి ఏ ఒక్క పరీక్షా చాలదని 2023లో అమెరికాలోని పశువైద్య నిపుణుల సంస్థ ఏసీవీఐఎం వాళ్లే రాశారు. అన్నీ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. ఆ ల్యాబ్ సదుపాయం మీ ఊళ్లో లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల్లో మన క్లాస్‌మేట్లు, జూనియర్లు ఎవరో ఒకరు ఉంటారు, అడగడానికి మొహమాటపడకు.

స్టెరాయిడ్ ఆపమన్నానంటే చేతులు కట్టుకు కూర్చోమని కాదు. వాంతులకు మారోపిటాంట్ ఇవ్వు, ఆకలికి మిర్టాజపిన్ ఉంది. రెండు మూడు రోజులు తిండి మానేస్తే పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, అసలు జబ్బు కంటే అదే ముందు తీసుకెళ్తుంది. కాబట్టి అవసరమైతే ట్యూబ్ వేసైనా తినిపించు. బీ12 పరీక్షకు రక్తం తీశాక, తక్కువొస్తే వారానికి 250 మైక్రోగ్రాములు చొప్పున చర్మం కింద ఆరు వారాలు ఇవ్వు. బీ12 తగ్గిందంటే చాలాసార్లు చిన్నపేగు చెడిందని అర్థం, కేన్సరని కాదు. ఇంట్లో ఎవరైనా జ్వరమనుకుని పారాసెటమాల్ వేసేస్తారేమో, గట్టిగా వద్దని చెప్పు. పిల్లికి అది విషం.

ఆ ఇంటివాళ్లకు ఎలా చెప్పాలో కూడా అడిగావు. ముందు కూర్చోబెట్టు. కేన్సర్ అనుమానం ఉందని ఆ మాటతోనే చెప్పు, "ఏదో ఇన్ఫెక్షన్" అని దాచొద్దు. వెంటనే మిగతాదీ చెప్పు. చిన్న కణాల లింఫోమా అయితే ప్రెడ్నిసొలోన్, క్లోరాంబుసిల్ మాత్రలతో ఇంట్లోనే వైద్యం, రెండేళ్లూ ఆ పైనా బాగా బతికిన పిల్లులు చాలా ఉన్నాయి. పెద్ద కణాల రకమైతే నెలల లెక్క. ఈ తేడా తెలుసుకోవడానికే ముక్క తీస్తున్నామని అర్థమైతే చాలామంది ఒప్పుకుంటారు. ఖర్చు మొత్తం ముందే కాగితం మీద రాసివ్వు. భరించలేమంటే వాళ్లను చిన్నబుచ్చకు. అది ఇంతవరకు తినని కొత్తరకం మాంసంతో చేసిన తిండి రెండు మూడు వారాలు పెట్టించి చూడు, బీ12 ఇవ్వు. అప్పటికీ తగ్గకపోతే, ఇక ముక్క పరీక్షకు దారి దాదాపు మూసుకుపోతుందని వాళ్లకు చెప్పి, కార్డులో రాసి, అప్పుడు స్టెరాయిడ్ మొదలుపెట్టు. తెలిసి ఇవ్వడం వేరు, నేను చేసినట్టు తెలియక ఇవ్వడం వేరు.

స్కానింగ్ బొమ్మలు వాట్సాప్‌లో పంపు. పాత టీకాల కార్డు వాళ్ల దగ్గర ఉందేమో అడిగి, దాని మీద ఉన్న బరువు కూడా రాసి పంపు. ఆపరేషన్ ఏ రోజు పెట్టుకుంటావో చెప్తే ముందు రోజు రాత్రి బస్సుకు బయల్దేరి వచ్చేస్తాను. మీ అత్తయ్య నిమ్మకాయ పచ్చడి కూడా పంపిస్తానంటోంది.

మావయ్య