జీబీఎస్‌లో ‘ఆసియా రకం’ వస్తే ఇక నడవలేరా?

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. విరేచనాలు తగ్గిన పది రోజులకి కాళ్లు చచ్చుబడ్డాయి, జీబీఎస్ (గులియన్ బారే సిండ్రోమ్, మన రోగనిరోధక శక్తి మన నరాల మీదే పడే జబ్బు) అన్నారు. ఐదు రోజులు ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించారు. ఆరు వారాలైంది, చేతులు తిరిగొస్తున్నాయి గానీ ఎవరైనా పట్టుకుంటేనే నిలబడతాడు. కాలి చెప్పు జారితే తెలుస్తుందట, వేళ్లతో పట్టుకోలేడు. రిపోర్టులో ‘ఏమాన్’ అని ఉంది. అమెరికాలో మా పెదనాన్న కొడుక్కీ ఇదే జబ్బు వచ్చి నెలన్నరకే నడిచాడు, వాడిది ‘ఏఐడీపీ’. ఆసియావాళ్లకి వచ్చేది చెడ్డ రకమని నెట్‌లో చదివాను. నిజమేనా? మళ్లీ ఐవీఐజీ ఇప్పించమంటారా?
ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ చెప్పు సంగతే. జారినట్టు తెలుస్తోందంటే స్పర్శ నరాలు బాగున్నాయి, దెబ్బతిన్నవి కదలిక నరాలే. ఏమాన్ అంటే ఇదే. ఏఐడీపీలో మన రోగనిరోధక శక్తి నరం మీది మైలిన్ పొర మీద పడుతుంది, తిమ్మిర్లు, నొప్పులు ఎక్కువ. ఏమాన్‌లో లోపలి తంతువు మీదే పడుతుంది.

నెట్‌లో చదివింది సగం నిజం. ఏమాన్‌ని విడిగా గుర్తించింది ఉత్తర చైనా పల్లెల్లోనే, 1990ల మొదట్లో, వేసవి వస్తే చాలు పిల్లలకి కాళ్లూ చేతులూ పడిపోతుంటే. విరేచనాలు పుట్టించే కాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా పైపొర మన నరాల్లోని ఒక కొవ్వు పదార్థం పోలికలో ఉంటుంది, దాన్ని కొట్టబోయి మన యాంటీబాడీలు నరాన్ని కొడతాయి. కలుషితమైన నీళ్లు, సరిగా ఉడకని కోడిమాంసం దగ్గర మొదలయ్యే గొడవ ఇది. 2025లో పుణెలో 200 దాటి కేసులు వచ్చినప్పుడూ ఈ బ్యాక్టీరియానే దొరికింది.

2018లో 925 మంది రోగులతో ఒక అంతర్జాతీయ అధ్యయనం వచ్చింది. తంతువు దెబ్బతిన్న రకం బంగ్లాదేశ్‌లో 36 శాతం, యూరప్, అమెరికాల్లో 6 శాతం. తమాషా ఏంటంటే జపాన్, తైవాన్, మలేసియాల్లోనూ 6 శాతమే, అక్కడ కళ్ల కదలికలు దెబ్బతినే మిల్లర్ ఫిషర్ రకం ఎక్కువ. మరి ‘ఆసియా రకం’ ఎక్కడుందమ్మా? మరణాలు బంగ్లాదేశ్‌లో 17 శాతం, యూరప్, అమెరికాల్లో 5 శాతం అన్నది నిజమే, కానీ బంగ్లాదేశ్‌లో చాలామందికి ఐవీఐజీ కొనే స్తోమతే లేదు, ఆ తేడా అంతా జబ్బు రకం నెత్తిన రుద్దకూడదు.

ఏమాన్ అంటే నెమ్మదిగానే తగ్గుతుందనీ లేదు. చైనాలోనే రెండు రకాలవాళ్లనీ పోల్చి చూస్తే, పట్టుకుని నడవడానికి ఇద్దరికీ దాదాపు నెల రోజులే పట్టింది. తంతువు తెగకుండా దాంట్లో సిగ్నల్ మాత్రమే ఆగిపోయినవాళ్లు వారాల్లో లేస్తారు. తెగితే మాత్రం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగాలి, మోకాలి నుంచి పాదం దాకా 40 సెంటీమీటర్లు వేసుకోండి, 400 రోజులు. మీ తమ్ముడికి చేతులు వస్తున్నాయి, నిలబడుతున్నాడు కాబట్టి అన్నీ తెగలేదనే నా అంచనా. పాదానికి మాత్రం టైమ్ పట్టొచ్చు. నరాల పరీక్ష ఇప్పుడు మళ్లీ చేయించండి, మొదటి రోజుల్లో తీసిన రిపోర్టులో రకం తప్పుగా పడటం మామూలే.

రెండోసారి ఐవీఐజీ వద్దు. తీవ్రంగా ఉన్నవాళ్లకి రెండో కోర్సు ఇచ్చి చూసిన ట్రయల్ 2021లో వచ్చింది, లాభం లేదు సరికదా రక్తం గడ్డలు కట్టడం లాంటి ఇబ్బందులు పెరిగాయి. 60 కిలోల మనిషికి ఐదు గ్రాముల సీసాలు 24 కావాలి, అప్పు చేసి మరీ కొనకండి, ఆ డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి. కాకపోతే మెరుగై మళ్లీ దిగజారితే, లేదా రెండు నెలలు దాటాక కూడా బలహీనత పెరుగుతుంటే లెక్క మారుతుంది, వెంటనే న్యూరాలజిస్టుకి చూపించాలి. స్టెరాయిడ్లు ఎవరైనా రాస్తే ఎందుకని అడగండి, జీబీఎస్‌లో అవి పనిచేయవు.

ఇంట్లో పాదం కిందికి వేలాడకుండా స్ప్లింట్ వేయించండి. ఒకవైపు పిక్క వాచి నొప్పిగా ఉంటే నూనె రాసి మర్దనా చేయొద్దు, అది రక్తం గడ్డ కావచ్చు, ఆసుపత్రికి వెళ్లండి. ఒక్క గుక్కలో 20 దాకా లెక్కపెట్టలేకపోయినా, మింగడం కష్టమైనా అర్ధరాత్రయినా ఆగొద్దు.

కొత్త రిపోర్టు వచ్చాక పాతదీ కలిపి పంపండి, పాదంలో కండరాల అంకెలు రెండిట్లో ఎలా ఉన్నాయో చూసి చెప్తాను.